ఇవాళ కోటు ఎవరిది?

మార్చి 5, మంగళవారం

పొద్దున్న పది గంటల ఐదు నిమిషాలకు మొదలుపెట్టాం. ఇది రాస్తున్నప్పటికీ నడుస్తూనే ఉంది. దిష్టి తగలకూడదు.

నొప్పులొచ్చిన తల్లి ఫోన్ చేస్తుంది. ఆ రోజు వంతు ఎవరిదో చూసి మా ప్రోగ్రాము అద్దె మోటారు సైకిలు నడిపే ఆ బోడా బండి అబ్బాయికి ఫోన్ మోగిస్తుంది. అతను వెళ్ళి ఆమెను ఎక్కించుకుని కొండ మీది ప్రసూతి ఆసుపత్రికి తెస్తాడు. ఇంతే. ఈ ‘ఇంతే’కి నాలుగు నెలలు పట్టింది.

బండివాళ్ళు ఏడుగురు, వారానికి తలా ఒక రోజు. ఎవరి వంతైతే వాళ్ళు పొద్దున్నే బండ్లు ఆగే స్టేజీ దగ్గర నారింజ కోటు తొడుక్కుంటారు, మర్నాడు పొద్దున్న విప్పి తర్వాతివాడికి ఇస్తారు. ఆ కోటు ఒక్కటే. స్టేజీ ఛైర్మన్ ఒండిటి ఏడు పేర్లూ అక్షర క్రమంలో కాగితం మీద రాసి పంపాడు. నేను చేతికొచ్చిన వరసలో ప్రోగ్రాములో టైపు కొట్టేశాను, ఆ వరసే వంతుల వరస. కాగితం పారెయ్యడానికి మనసొప్పక ఈ పేజీకి అంటించాను.

ఆఖరి పేరు వసోంగా. నా తమ్ముడు ఈ పనికి పేరిచ్చాడని కాగితం చూసేదాకా నాకు తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

నాతో పనిచేసే న్యాబొకే పోయిన వారం కాన్పు సెలవు మీద కిసీ ఊరికి బయల్దేరుతూ నా కోడంతా చదివి ఒక్కచోట వేలు పెట్టింది.

“ఇక్కడ నాలుగు చుక్కలు వద్దు అకోథ్. మామూలుగా పిలువు.”

“ఎందుకు? పొట్టిగా, ముచ్చటగా ఉంది కదా.”

“ముచ్చట కావాలంటే పెళ్ళి పత్రిక రాసుకో.”

“నువ్వు ముందు బస్సెక్కు తల్లీ. వాలకం చూస్తే ఇక్కడే కనేలా ఉన్నావ్.”

పొట్ట పట్టుకుని నవ్వుతూ వెళ్ళిపోయింది. నేను మార్చలేదు.

నాలుగు చుక్కలు అనేది మా ఆఫీసు మాట. పుస్తకాల్లో మెథడ్ రెఫరెన్స్ అంటారు. పనిని మనమే అక్కడ పిలవకుండా, అవసరమైనప్పుడు చేసుకోమని పని పేరు అప్పజెప్పడం. ‘ఇవాళ్టి మనిషి’ అని రాసి, పక్కన రెండు కోలన్లు పెట్టి, ‘మోగించు’ అంటే చాలు. అదే మామూలు పిలుపైతే ముందొక బాణం, వెనకాల బ్రాకెట్లు, చుట్టూ చెత్త. నాకు చెత్త పడదు.


మార్చి 8, శుక్రవారం

మూడు రోజుల్లో ఐదుగురు తల్లులు. అందరూ వేళకి చేరారు. ఒకావిడకి కవలలు.

ఆసుపత్రి సిస్టర్ ఫోన్ చేసి, “మీ కంప్యూటరు చల్లగుండాలి” అంది. కంప్యూటరు చల్లగుండాలంటే ఫ్యాను బాగు చేయించాలి సిస్టర్ అన్నాను. ఆవిడకి జోకు అర్థం కాలేదు.


మార్చి 12, మంగళవారం

నేనుండే ఇంటి గేటుకి సంచి తగిలించి ఉంది. ఆరు అవకాడోలు. సంచి మూతిని టైరు ట్యూబు ముక్కతో బిగించి కట్టారు. ఇంటి ఓనరావిడ పెట్టి ఉంటుంది.


మార్చి 19, మంగళవారం

మళ్ళీ సంచి. ఈసారి పొగబెట్టిన చేపలు, అదే ట్యూబు ముక్క. ఇంటావిడకి చేపల వాసనంటేనే కడుపులో తిప్పుతుంది. అయినా ఆవిడే అయ్యుంటుంది.

చేపలు చాలా బాగున్నాయి. ఉగాలి ముద్దలో, అంటే మొక్కజొన్న సంకటిలో, కలిపి రెండు పూటలా తిన్నాను.


మార్చి 24, ఆదివారం

అమ్మ పోయి ఇవాళ్టికి రెండేళ్ళు. నేను ఊరికి వెళ్ళలేదు. ఆఫీసు పని ఉంది. అంటే ఉందని చెప్పాను.

ఆ రోజు ఒంట్లో బాగాలేక అమ్మ వసోంగాకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. వాడి చేతిలో బండి ఉంది, పెట్రోలు ఉంది, ఇరవై నిమిషాల దారి. ఎత్తలేదు. పక్కింటివాళ్ళు ఇంకో బండి పట్టుకునేసరికి సాయంత్రమైంది. నేను అప్పట్లో ఉంటున్న కిసుము నగరం నుంచి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

పూడ్చిన రోజున, గుడారం కింద, మేనమామలూ చర్చివాళ్ళూ అందరూ కూర్చుని ఉండగా వాడి ముఖం మీదే అన్నాను: “అమ్మ పిలిస్తే రానివాడివి, ఇప్పుడెందుకొచ్చావురా?” వాడు టోపీ తీసి చేతిలో పట్టుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఆ తర్వాత మా మధ్య మాటల్లేవు.

నేనన్నది అబద్ధమా? కాదు. ఎందుకు ఎత్తలేదని అడిగానా? అడగలేదు. అడగడానికేముంది?


మార్చి 26, మంగళవారం

అవకాడోలు. ఒకటి కొంచెం నలిగింది. అదే ముందు తిన్నాను.


ఏప్రిల్ 2, మంగళవారం

మిషను ఇరవై ఎనిమిది రోజులుగా ఆగలేదు. కరెంటు తొమ్మిదిసార్లు పోయింది, బ్యాటరీలు కాపాడాయి. అందరం చపాతీలు తెప్పించుకుని తిన్నాం. వాన దంచి కొడుతోంది. ఇలాంటి బురదలో తల్లుల్ని తెస్తున్నది ఎవరో గానీ వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి.


ఏప్రిల్ 8, సోమవారం

ఏం రోజు ఇది!

పొద్దున్న తొమ్మిదింటికి ఛైర్మన్ ఒండిటి ఆఫీసుకొచ్చాడు. గొడుగు మడవలేదు, కుర్చీలో కూర్చోలేదు.

“ఇంజనీరమ్మా, ఒక్క మాట అడుగుతా. ఒట్టేసి చెప్పు. వసోంగా నీకేమవుతాడు?”

“తమ్ముడు.”

“అనుకున్నా. నెల రోజులుగా మావాళ్ళు కోటేసుకుని ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. ఒక్కడికీ మోగదు. తల్లులు కనడం మానేశారేమో అనుకున్నాం. తీరా చూస్తే కొండెక్కే ప్రతి తల్లీ వసోంగా బండి మీదే ఎక్కుతోంది. బుధవారం వాడే, శుక్రవారం వాడే. వాడు వంతులు దొంగిలిస్తున్నాడు, నువ్వు దొంగతనానికి తలుపు తీస్తున్నావ్.”

“నోరు జాగ్రత్త ఛైర్మన్ గారూ.”

“నా నోరు బాగానే ఉంది. నీ మిషను సంగతి చూసుకో. శనివారం స్టేజీ మీటింగు. అప్పటిదాకా వాడు కోటు ముట్టుకోకూడదని చెప్పేశా. తేలకపోతే స్టేజీలోంచే తీసేస్తాం. ఈ చుట్టుపక్కల ఏ స్టేజీ వాడూ మళ్ళీ వాణ్ణి చేర్చుకోడు.”

ఆయన వెళ్ళాక నాకు కోపం వచ్చింది. ఛైర్మన్ మీద కాదు, వసోంగా మీద. వాడే ఏదో చేసి ఉంటాడని అనుకున్నాను. సిస్టర్‌ని మంచి చేసుకుని తన నంబరు ఇచ్చి ఉంటాడని. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. మొదట అలాగే అనుకున్నాను.

మధ్యాహ్నం స్టేజీ పక్కనున్న టీ కొట్టుకి వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత వాడి ఎదురుగా కూర్చున్నాను. చిక్కిపోయాడు. మెడలో రెండు ఫోన్లు, వానకి తడవకుండా ప్లాస్టిక్ సంచుల్లో వేసి తాడుతో కట్టుకున్నాడు.

“రెండు ఫోన్లెందుకురా, మంత్రివా?”

“ఒకటి చస్తే ఇంకోటి.”

“నీ వంతు కాని రోజు ఫోన్లు నీకెలా వస్తున్నాయ్?”

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇక్కడ అడక్కు అక్కా. నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. వాళ్ళు కోటు లాక్కుంటే లాక్కోనీ.”

“ఏంటి చెప్పనిది?”

“టీ తాగు. చల్లారిపోతోంది.”

టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. వాడి బండి వెనకసీటుకి ఓ పక్క టైరు ట్యూబు కట్టి ఉంది, ఒక కొస నుంచి ముక్కలు కోసినట్టు ఉంది. చూశాను. చూసి కూడా ఆఫీసుకి వచ్చేశాను.


ఏప్రిల్ 9, మంగళవారం

చిట్టా మొత్తం తీశాను. ప్రతి పిలుపూ ఎవరికి మోగిందో, ఎన్ని సెకన్లకి ఎత్తారో మిషను రాసిపెట్టుకుంటుంది. వారం వారం తల్లుల లెక్క ఒక్కటే చూసి చంకలు గుద్దుకున్నాను తప్ప ఈ చిట్టా ఎప్పుడూ తెరవలేదు.

యాభై మూడు పిలుపులు. యాభై మూడూ వసోంగాకే.

వాడేం చెయ్యలేదు. సిస్టరూ ఏం చెయ్యలేదు. చేసింది నేను. న్యాబొకే వేలు పెట్టిన ఆ ఒక్క వాక్యం. ఫోన్ చేశాను. అవతల పసిపిల్ల ఏడుపు.

“భుజం మీద ఉంది, గట్టిగా మాట్లాడు,” అంది.

“నాలుగు చుక్కలు...”

“వద్దన్న చోటేనా?”

“అక్కడే.”

“అయ్యో అకోథ్. నాలుగు చుక్కలు పెడితే దాని ఎడం పక్కనున్న మనిషిని ఎప్పుడు చూస్తుంది? ఆ వాక్యం నడిచిన క్షణంలో, ఒక్కసారి. ఆ మనిషినే పట్టుకుని కూర్చుంటుంది. మామూలుగా పిలిస్తే మోగించాల్సిన ప్రతిసారీ ‘ఇవాళ ఎవరు’ అని కొత్తగా అడుగుతుంది. నీకు తెలియంది కాదు.”

“మరి పరీక్షల్లో సరిగ్గానే వచ్చిందే!”

“ప్రతి పరీక్షకీ మిషను కొత్తగా మొదలెట్టావ్ కాబట్టి. ఈసారి ఆపలేదుగా?”

ఆపలేదు. ముప్ఫై ఐదు రోజులు ఆపలేదు, పైగా చపాతీలు తెప్పించుకుని పండగ చేసుకున్నాం. నా తలకాయ! ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలై ఉంటే వేరేవాడిని పట్టుకునేది, అప్పుడైనా తెలిసేది.

మూడున్నరకి ఆ వాక్యం మార్చాను. బాణం, బ్రాకెట్లు, చుట్టూ చెత్త. పదిహేను సెకన్ల పని.

ఆ తర్వాత మళ్ళీ చిట్టా దగ్గర కూర్చున్నాను. ఎత్తడానికి పట్టిన సెకన్లు: రెండు, మూడు, రెండు, రెండు, నాలుగు, రెండు. ఆదివారం చర్చి వేళ రెండు. వరదొచ్చిన గురువారం మూడు. యాభై మూడింటిలో ఒక్కటి కూడా ఎత్తకుండా వదల్లేదు. ఇవాళ పొద్దున్న వచ్చిన పిలుపు కూడా రెండు సెకన్లకే ఎత్తాడు. కోటు లాక్కున్నారు కాబట్టి కోటు లేకుండానే వెళ్ళి ఆమెను తెచ్చాడు.

అమ్మ పిలిస్తే రానివాడు.

ఆఫీసులో అందరూ ఉన్నారు. బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను.


ఏప్రిల్ 10, బుధవారం

పదకొండింటికి ఔకో ఫోన్ మోగింది. బుధవారం కోటు అతనిదే. నెల దాటాక మొదటిసారి మోగడంతో కంగారుపడి ఎత్తడానికి పద్నాలుగు సెకన్లు తీసుకున్నాడు.

బాగైపోయింది. ఇంక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.


ఏప్రిల్ 11, గురువారం

చెప్పాలి. నాకు తెలుసు. కానీ ముందు ఇంకో రెండు రోజులు సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలి. చూడకుండా చెబితే ఏం బాగుంటుంది?


ఏప్రిల్ 12, శుక్రవారం

సరిగ్గానే నడుస్తోంది. ఆ సాకు కూడా పోయింది.

ఇవాళ ఔకో రోడ్డు మీద కనబడి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. “మేం గట్టిగా అడిగేసరికి మీ తమ్ముడు ముడుచుకున్నాడు చూశారా అక్కా! రెండు రోజుల్నుంచీ ఫోన్లన్నీ చక్కగా వస్తున్నాయ్.”

నేను చప్పుడు చెయ్యకుండా బాగు చెయ్యడంతో వసోంగా నిజంగా దొంగైపోయాడు. చెప్పకపోతే రేపు వాణ్ణి తీసేస్తారు.

ఇన్ని రోజులూ చెప్పడానికి దేనికి వెనకాడానో కూడా రాస్తాను. ఉద్యోగం గురించి కాదు. ఆ అవకాడోలు ఎవరు తెచ్చారో నాకు మొదటి రోజే తెలుసు. నేను కావాలని ఆ పిలుపులన్నీ తనకి పంపుతున్నానని వాడు అనుకున్నాడు. అక్క కోపం పోయింది, నోటితో చెప్పలేక ఇలా చెబుతోంది అనుకున్నాడు. ఆ మాట బయటపడితే నా ఉద్యోగం పోతుందని దొంగ అనిపించుకుని కూడా నోరు మెదపలేదు. రేపు అందరి ముందూ నిజం చెబితే స్టేజీ దగ్గర వాడి పేరు నిలబడుతుంది. కానీ అక్క తనకోసం ఏమీ చెయ్యలేదని, అది ఉత్త పొరపాటని కూడా వాడు అక్కడే వింటాడు. రెండేళ్ళ కిందట కూడా వాణ్ణి అందరి ముందే అన్నాను.


ఏప్రిల్ 13, శనివారం

రేకుల పందిరి కింద మీటింగు. పైన వాన చప్పుడు. ఏడుగురూ వచ్చారు, వసోంగా బండి మీదే పక్కకి తిరిగి కూర్చున్నాడు. కోటు ఇవాళ ఒముగా మీద ఉంది.

“తప్పు నాది,” అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. చుక్కలూ బాణాలూ మొదలుపెడితే ఎవరూ వినరని తెలిసి ఛైర్మన్‌ని లేపాను.

“ఛైర్మన్ గారూ, ఒక్క నిమిషం మీరు నా ప్రోగ్రాము.”

“నేనా? నాకు టైపింగు కూడా రాదు.”

“రానక్కర్లేదు. ఇవాళ కోటు ఎవరిది?”

“ఒముగాది. కనబడట్లా?”

“ఇప్పుడు కళ్ళు మూసుకోండి.” ఆయన మూసుకున్నాడు. ఒముగా చేత కోటు విప్పించి ఔకోకి తొడిగించాను. “తల్లి ఫోన్ చేసింది. కోటున్నవాణ్ణి పిలవండి.”

“ఒముగా! లేరా!”

అందరూ గొల్లుమన్నారు. ఆయన కళ్ళు తెరిచి ఔకోని చూసి నన్ను కసిరాడు. “కళ్ళు మూసుకోమంది నువ్వే కదమ్మా!”

“నేను నా ప్రోగ్రాముకి కూడా అదే చెప్పాను. మొదలుపెట్టిన రోజు ఒక్కసారి కోటు వైపు చూసింది. ఆ రోజు వంతు వసోంగాది. ఆ తర్వాత కళ్ళు తెరవమని నేను రాయలేదు. ప్రతిసారీ చూసి పిలవమని రాయాలి, రాయలేదు. మొన్న మంగళవారం రాశాను. అందుకే బుధవారం నుంచి మీకు మోగుతోంది. వసోంగా ఏ వంతూ దొంగిలించలేదు.”

ఒముగా తొడ చరిచాడు. “అంటే మీ మిషను తొలిచూపులోనే వీణ్ణి మొగుడనుకుందన్నమాట!”

ఆ నవ్వులు తగ్గాక ఛైర్మన్ వసోంగా వైపు తిరిగాడు. “మరి నువ్వేంట్రా మొద్దూ? వంతు కాని రోజు ఫోన్ వస్తే మాకు చెప్పొద్దూ?”

“నొప్పులు పడుతున్న మనిషి ఫోన్ చేస్తే వంతు చూసుకుంటామా ఛైర్మన్? వెళ్ళొస్తాం.”

అంతే అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఔకో కోటు విప్పి తీసుకెళ్ళి వాడి భుజాల మీద వేశాడు. శనివారం వంతు వాడిది కాదు, అయినా ఒముగా ఏమీ అనలేదు.

అందరూ వెళ్ళాక వాడు బండి అద్దం తుడుస్తూ అడిగాడు. “అయితే నువ్వు పంపలేదా అక్కా?”

“లేదురా.”

“ఒక్కటి కూడా?”

తల అడ్డంగా ఊపాను.

“సరేలే. నేనే ఏదో అనుకున్నా,” అని నవ్వాడు. అమ్మ కొట్టబోతే ముందే నవ్వేసేవాడు చిన్నప్పుడు, అదే నవ్వు. బండి తీసుకుని వెళ్ళిపోయాడు.


ఏప్రిల్ 14, ఆదివారం

గేటు దగ్గర ఏమీ లేదు. మంగళవారం కాదు కదా.


ఏప్రిల్ 16, మంగళవారం

మంగళవారమే. పొద్దున్న గేటు దగ్గర ఏమీ లేదు. రెండుసార్లు చూశాను. మూడుసార్లు.

నాలుగింటికి వాడే ఆఫీసుకి వచ్చాడు. ఒంటి మీద నారింజ కోటు, మెడలో రెండు ఫోన్లు, మోకాళ్ళ దాకా బురద. లోపలికి రమ్మంటే గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఒక సంగతి అడిగి పోతా. ఆ మిషను మొదటి రోజు వంతున్నవాణ్ణే పట్టుకుందన్నావు కదా?”

“అవును.”

“పేర్లు వరసలో కొట్టింది ఎవరు?”

“నేనే.”

“ఛైర్మన్ రాసిచ్చిన కాగితం నేను చూశా అక్కా. అందులో నాది ఆఖరి పేరు. నువ్వు మొదట కొట్టావ్. ఎందుకూ?”

చేతికొచ్చిన వరసలో కొట్టానని చెప్పబోయాను. ఈ డైరీలో కూడా అదే రాసుకున్నాను. ఆ కాగితం మొదటి పేజీలో అంటించే ఉంది: ఏడో వరస, వసోంగా. ఆరు పేర్లు దాటుకుని కిందికి వెళ్ళి ఆ పేరే ముందు ఎందుకు కొట్టానో నాకు అప్పుడు తెలియదు. తెలియదని రాస్తే కూడా అబద్ధమే. రెండేళ్ళుగా నోట్లోకి రానివ్వని పేరు ఆ రోజు వేళ్ళలోంచి ముందు వచ్చేసింది.

“నీ పేరే రాయాలనిపించిందిరా,” అన్నాను.

వాడు బూట్ల బురదని గుమ్మానికి గీకాడు.

“ఆ రోజు ఫోన్ ఛార్జింగు కొట్లో ఉంది అక్కా. పొద్దున్న ఇచ్చి సాయంత్రం తీసుకున్నా. తీసుకునేసరికి అమ్మవి నాలుగు ఉన్నాయి.”

అప్పట్నుంచి రెండు ఫోన్లు. నేను అడగాల్సిన ఒక్క ప్రశ్న రెండేళ్ళు అడగలేదు. గుడారం కింద అన్న మాటకి క్షమించరా అన్నాను. వాడు చేత్తో తోసేసినట్టు చేసి కళ్ళు తుడుచుకున్నాడు. కోటు చేతికి తుడుచుకోవడంతో బురదంతా ముఖానికి అంటింది. నా శాలువా అంచుతో తుడవబోతే, “నేనేం చంటిపిల్లాణ్ణా?” అని విదిలించుకున్నాడు. అయినా కదల్లేదు, తుడవనిచ్చాడు.

అప్పుడే ఫోన్ మోగింది. రెండు సెకన్లు. “వస్తున్నా అమ్మా, భయపడకు, గేటు దగ్గరే ఉండు,” అంటూ మెట్లు దిగిపోయాడు.


ఏప్రిల్ 17, బుధవారం

కోటు ఇవాళ ఔకోది. వసోంగాకి సెలవు.

వాడి నంబరు నా ఫోన్లో లేదు, అప్పట్లోనే తీసేశాను. ఆఫీసు చిట్టాలో చూసి రాసుకుని, మధ్యాహ్నం మెట్ల మీద కూర్చుని నేనే చేశాను. రెండో మోత పూర్తి కాకముందే ఎత్తాడు.

“ఎక్కడున్నావ్ అక్కా? ఏమైంది? వస్తున్నా.”

“ఏమీ కాలేదురా,” అన్నాను. “ఊరికే పిలిచాను.”